అంటీ ముట్టని గంట

ప్రేమ్‌సాగర్ గిటారుకు నాలుగే తీగలు. ఈ సంగతి మా చర్చి సంఘంలో సగం మందికి ఇప్పటికీ మింగుడుపడలేదు. గిటారన్నాక ఆరు తీగలుండాలని, దుబాయి నుంచి వస్తుంటే విమానంలో రెండు తెగిపోయాయని, మొహమాటస్తుడు కాబట్టి పైకి చెప్పుకోలేకపోతున్నాడని వాళ్ల నమ్మకం. సంఘ పెద్ద లక్ష్మీరాజం ఒక క్రిస్మస్‌కు రెండు తీగలు కొనుక్కొచ్చి, రంగు కాగితంలో చుట్టి, అందరి ముందు బహూకరించాడు కూడా. ఇది బేసు గిటారని, దీనికి నాలుగే ఉంటాయని చెప్పబోయి ప్రేమ్‌సాగర్ మానుకున్నాడు. లేచి దండం పెట్టి తీసుకున్నాడు. ఆ రెండూ కలిపి ముడేసి, వాటి మీద వాళ్లమ్మ సాయమ్మ ఇప్పుడు మసిగుడ్డలు ఆరేస్తోంది.

నేను సుదర్శన్‌ను. కోరుట్లలో చిన్న జిరాక్స్ సెంటర్ నడుపుతాను, ఆదివారాలు మందిరంలో డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తాను. ప్రేమ్‌సాగర్, నేను ఒక్క వాడలో పుట్టినవాళ్లం. వాడి గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. వాడు రాసుకునే రకం కాదు.

వాడు మెట్‌పల్లి మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు సీజన్‌లో వాడి చేతులు, మెడ, అంగీ కాలరు అన్నీ పచ్చగా ఉంటాయి. గిటారు మెడ కూడా పచ్చబడింది. కొత్తగా చూసినవాళ్లు దానికి పూజ చేసినట్టున్నారనుకుంటారు. దుబాయిలో రెండేళ్లు ఒక హోటల్లో గిన్నెలు కడిగాడు. అక్కడ పాటలు వాయించే ఫిలిప్పీన్స్ ఆయన ఒకడు కాంట్రాక్టు అయిపోయి పోతూపోతూ, రోజూ వంటింటి తలుపు సందులోంచి వినే ఈ మనిషికి తన పాత బేసు గిటారు ఇచ్చేశాడు. దానితో పాటు ఒక ఆశ కూడా అంటించి పోయాడు. ఆయన అప్పుడప్పుడు తీగ మీద వేలు ఇట్లా పెట్టి అట్లా తీసేవాడట, ఆ లావు తీగలోంచి సన్నగా గుడి గంటలాంటి మోత వచ్చేదట. దాన్ని హార్మోనిక్స్ అంటారని వాడికి తెలియడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా మందిరంలో మూడు స్వరాలు పట్టుకుని అన్ని పాటలకూ వెనక నుంచి ధుం ధుం అనిపిస్తూ వచ్చాడు. ఆ శబ్దం ఉన్నప్పుడు ఎవరికీ వినబడదు. లేనప్పుడు మాత్రం పాట ఏదో సన్నబడిందని అందరికీ అనిపిస్తుంది.

నిరుడు కొత్త పాస్టర్ వచ్చాడు. యోహాను గారు, మేం అయ్యగారు అంటాం. చదువుకున్నవాడు, మంచివాడు, రాగానే ఒక పెద్ద కీబోర్డు తెచ్చాడు. అందులో వీణ ఉంది, వయొలిన్ ఉంది, వాన కురిసే శబ్దం కూడా ఉంది. ఎడమ చేత్తో నొక్కితే బేసు కూడా అందులోనే ఉంది. ఆ మాట ఆయన చెప్పినప్పుడు ప్రేమ్‌సాగర్ గిటారు సంచి జిప్పు ఊరికే తీసి ఊరికే వేశాడు.

మా మందిరానికి యాభై ఏళ్ల పండుగ వస్తోంది. యాభై ఏళ్లలో మాకు గంట అమరలేదు. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప రాడ్డుతో కొడితే అదే మా గంట. పండుగ పాట మాత్రం అసలైన గంట మూడు సార్లు మోగి మొదలు కావాలని అయ్యగారు అన్నాడు. కీబోర్డులో గంట బటన్ ఉంది, నొక్కి చూపించాడు. బాగానే ఉంది.

"గంట నేను కొడ్త అయ్యగారూ, గిటార్ల" అన్నాడు ప్రేమ్‌సాగర్.

పదిహేనేళ్లలో వాడు ప్రాక్టీసు మధ్యలో నోరు విప్పడం అదే మొదలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. అయ్యగారు నవ్వలేదు. ఆలోచించి, న్యాయంగానే తేల్చాడు.

"మంచిది ప్రేమ్‌సాగర్. ఆరు వారాలున్నయి. పండుగనాడు నీ గిటార్ల మూడు గంటలు పలికితే నీ చోటు నీదే. లేకుంటే ఇగ బేసు కీబోర్డుల కొట్టుకుందాం. స్టేజీ మీద జాగ కూడా తక్కువైతున్నది."

అదీ పందెం. యార్డులో బస్తాలు మోయడానికి ఎవడైనా వస్తాడు. మందిరంలో ఆ మూల, ఆ నాలుగు తీగలు, అవే వాడికి వారంలో ఒకరోజు పేరుతో బతికే చోటు. అదీ పోతే వాడు ఏడు రోజులూ హమాలీయే.

మొదటి వారం ఫోన్లో వీడియోలు చూశాడు. ఇంటర్ చదివే కూతురు దీవెన పక్కన కూర్చుని ఇంగ్లీషు విప్పి చెప్పేది.

"తీగను ముట్టాలెనట డాడీ, నొక్కొద్దట."

"ముట్టినంక నొక్కకుంటె ఎట్ల బిడ్డా? జారిపోదా?"

వాడి బాధ వాడిది. ముప్పై ఏళ్లుగా ఆ చేతులకు తెలిసిందల్లా బస్తాను గట్టిగా పట్టుకోవడం. పట్టు వదిలితే కాలి మీద పడుతుంది. ఆ చేతిని ఇప్పుడు సన్నగా తాకి ఊరుకోమంటే అది ఊరుకోదు. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప గీతల్లో పన్నెండో దాని మీద వేలు పెట్టగానే తీగ కట్టెకు అతుక్కుపోయేది. ధుం. మళ్లీ ధుం. సాయమ్మ వంట చేస్తూ, "ఏందిరా, బియ్యం డబ్బ కొట్టినట్టు" అనేది.

ఇక లాభం లేదని సాకేత్ రావు దగ్గరికి పోయాడు. సాకేత్ అంటే ఒకప్పటి మా ఊరి దొర నర్సింగ్ రావు గారి మనవడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోరుట్లలో కొత్తిల్లు, ఇంట్లోంచే పని. గదిలో ఖరీదైన బేసు గిటారు ఉంది. వాళ్లింటికి పసుపు బస్తాలు దించడానికి పోయినప్పుడు ప్రేమ్‌సాగర్ కిటికీలోంచి చూశాడు. పిల్లవాడు మర్యాదస్తుడు. "రా ప్రేమన్నా, సండే సండే రా, చూపిస్తా" అన్నాడు. గదిలో వైర్లు అడ్డమని బాల్కనీలో రెండు కుర్చీలు వేయించాడు.

"సింపుల్ అన్నా. వేలు సరిగ్గ ఈ గీత మీద, అంటీ ముట్టనట్టు ఉండాలె. మీటుడు, తీసుడు ఒకటేసారి. ముందు తీస్తే ఉత్త తీగ మోగుతది. లేట్ అయితే సౌండే రాదు."

అంటీ ముట్టనట్టు! ఆ ఇంట్లో కూర్చుని ఆ మాట మాకు వివరించి చెప్పాలా? ప్రేమ్‌సాగర్ మాత్రం శ్రద్ధగా తలూపాడు. మూడు ఆదివారాలు పోయాడు. సాకేత్ వేలు పెడితే గంట, వీడు పెడితే ధుం.

ఆ ఇంట్లో చాయ్ సాకేత్ నానమ్మ రంగనాయకమ్మ ఇస్తుంది. ఎనభైకి దగ్గర పడింది, చేతులు వణకవు. మనవడికి కంపెనీ పేరున్న మగ్గులో, తనకు స్టీలు గ్లాసులో, ప్రేమ్‌సాగర్‌కు కాగితం కప్పులో. కరోనా అప్పటి జాగ్రత్త అని సాకేత్ ఒకసారి ఫోన్ వైపు చూస్తూ చెప్పాడు. కరోనా పోయి చాలా కాలమైంది. కప్పులు పోలేదు. మగ్గుకు, గ్లాసుకు మాత్రం ఆ జబ్బు ఎప్పుడూ సోకినట్టు లేదు.

ఆమె ఆ కప్పును బాల్కనీ గోడ మీద పెట్టి వెనక్కి జరిగేది, వీడు తీసుకునేవాడు. నాలుగో ఆదివారం గాలి బాగా వీచింది. గోడ మీద పెట్టిన కప్పు పెట్టినట్టే కిందికి పోయింది. ఇంకో కప్పు తెచ్చి, తప్పనిసరై, చేతికి ఇవ్వబోయింది.

అప్పుడు చూశాడు వాడు. రెండు వేళ్లతో అంచు పట్టుకుంది. వీడి వేళ్లు కింద తగిలే వరకు వదల్లేదు. తగిలీ తగలగానే ఆమె వేళ్లు లేవు. ముందు వదిలితే చాయ్ ఒలికేది. ఒక్క క్షణం ఆలస్యమైతే వేలికి వేలు తగిలేది. రెండూ జరగలేదు. చుక్క ఒలకలేదు, చర్మం తగల్లేదు.

చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, "ఇంకింత ఉన్నదా దొరసాని?" అని అడిగాడు.

మళ్లీ ఇచ్చింది. మళ్లీ అదే చెయ్యి. మూడోది కూడా అడిగి తాగాడు. తన చాయ్ అంత నచ్చిందని పెద్దామె సంబరపడింది. వీడు తన వేళ్ల వైపే చూస్తున్నాడని ఆమెకేం తెలుసు?

ఇంటికొచ్చి గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. పన్నెండో గీత మీద రంగనాయకమ్మ కప్పు పట్టుకున్నట్టు వేలు పెట్టాడు. మీటాడు, ఆమె వదిలినట్టు వదిలాడు.

గంట మోగింది.

దీవెన ఎగిరి గంతేసింది. సాయమ్మ వంటింట్లోంచి వచ్చి, ఎవరు నేర్పారని అడిగింది. చెప్పాడు. సాయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత గుమ్మంలో కూర్చుంది.

"గా చెయ్యి నాకు తెల్వదారా? నా కొంగుల కూలి ఏసిన చెయ్యి గదే. పైకెల్లి ఏసేది, ఒక్క గింజ కింద పడకుంట. నాకూ ఉండె గాళ్లింట్ల ఒక గిలాస. చూరుల చెక్కి పెడుదురు. తాగాలె, కడగాలె, మల్ల ఆడనే పెట్టాలె" అంది.

ఈ మాటలు వాడు నాకు చెప్పినప్పుడు నా ఒళ్లు మండింది. వాడు మాత్రం ఏడో గీత మీద, ఐదో గీత మీద గంటలు వెతుక్కుంటూ కూర్చున్నాడు. అవి ఇంకా సన్నవి, ఇంకా కష్టం.

"చెయ్యి మంచిదేరా, పనే మంచిది కాదు" అన్నాడు. నాకైతే అంత పెద్ద మనసు లేదు.

పండుగనాడు మందిరం కిక్కిరిసింది. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి కూడా చుట్టాలొచ్చారు. అయ్యగారు చెయ్యెత్తాడు. పన్నెండో గీత, మొదటి గంట. ఏడో గీత, రెండోది. మూడో దానికి ముందు వాడు వేలు ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టాడు. ఐదో గీత మీద మూడో గంట మోగి, రేకుల కప్పు దాకా పోయి, అక్కడే కాసేపు ఉంది. నాకు ఏడుపొచ్చింది. ప్యాడ్స్ మొదలుపెట్టడం మరచిపోయాను.

జనం మాత్రం కీబోర్డు వైపు చూశారు. ప్రార్థన అయ్యాక లక్ష్మీరాజం అయ్యగారి చేతులు పట్టుకుని, "మిషిన్ల గంట ఎంత కమ్మగున్నదయ్యా" అన్నాడు. అది ప్రేమ్‌సాగర్ గిటారని, ఇక ముందు కూడా ఆ గిటారు అక్కడే ఉంటుందని అయ్యగారు అందరూ వినేటట్టు చెప్పాడు. లక్ష్మీరాజం వాడి వైపు జాలిగా చూశాడు.

"నాలుగు తీగలకే గిట్ల పలికిచ్చినవంటే, నేనిచ్చిన రెండు గూడ కట్టుకుంటే ఎట్లుండునోరా!"

సాకేత్ కూడా వచ్చాడు, వెనక నిలబడి వీడియో తీసుకున్నాడు. అది వాళ్ల నానమ్మకు చూపించాడు. మరుసటి ఆదివారం కృతజ్ఞత చెప్పడానికి ప్రేమ్‌సాగర్ పోతే, ఆమె అడిగింది.

"మా సాకేతు నేర్పితె రాలేదంటివి. మరి ఎవల దగ్గర నేర్చినవురా?"

"మీ దగ్గర్నే దొరసాని. మీ చెయ్యి చూసి."

ఆమె అర్థం అడగలేదు. పొగడ్తకు అర్థం ఎవరడుగుతారు? వారం తిరిగేసరికి, హమాలీ ప్రేమ్‌సాగర్‌కు సంగీతం తన చేతి చలవేనని కోరుట్లలో వాళ్ల చుట్టాలందరికీ తెలిసిపోయింది. శిష్యుణ్ణి గిటారు తీసుకుని రమ్మని కబురు పెట్టింది. ఏదో బహుమానం ఉందన్నారు. ఆ రోజు నేనూ వెంట పోయాను.

బాల్కనీలో కూర్చున్నాం. నాకు కాగితం కప్పు వచ్చింది. ప్రేమ్‌సాగర్‌కు కొత్త స్టీలు గ్లాసు. దాని మీద స్టీలు దుకాణంలో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించింది: ప్రేమ్‌సాగర్.

"ఇగ నీకు కాగితం కప్పు బాధ లేదురా. గిది నీదే. ఇంకెవ్వలు ముట్టరు. తాగినంక గా నల్ల కాడ కడిగి, గీ గోడ గూట్ల బోర్లిచ్చి పో" అంది. నిజంగా ప్రేమగానే అంది. అదే నాకు ఎక్కువ మండింది. సాకేత్ ఫోన్లో ఏదో చాలా ముఖ్యమైనది వెతుక్కుంటున్నాడు.

ప్రేమ్‌సాగర్ చాయ్ నిదానంగా తాగాడు. నల్లా దగ్గర గ్లాసు కడిగాడు, తువ్వాలతో తుడిచాడు. పేరు మీద వేలు పెట్టి ఒకసారి చదువుకున్నాడు. తర్వాత గూటి వైపు పోకుండా వచ్చి, గిటారు సంచి జిప్పు తీసి అందులో పెట్టాడు.

"అరే, గది గీడ ఉండాలెరా" అంది రంగనాయకమ్మ.

"పేరు నాదే ఉన్నది గద దొరసాని" అన్నాడు వాడు, ఎంతో వినయంగా.

మా దగ్గర పెళ్లిళ్లలో నలుగురి గిన్నెలు కలిసిపోతే పేరు చూసి ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తారు. స్టీలు సామాను మీద ఎవరి పేరుంటే అది వాళ్లది. ఆ పేరు కొట్టించింది ఆమే. గ్లాసు కోసం చెయ్యి చాచింది. ఆ చేతికీ సంచికీ మధ్య జానెడు దూరం కూడా లేదు, మధ్యలో ప్రేమ్‌సాగర్ మణికట్టు ఉంది. ఆపాలంటే దాన్ని పట్టుకోవాలి.

వాడు తొందరపడలేదు. జిప్పు మెల్లగా లాగుతూ ఆమెకు కావలసినంత సమయం ఇచ్చాడు.

ఆమె పట్టుకోలేదు.

ఇద్దరం దండం పెట్టి మెట్లు దిగి వచ్చేశాం. ఇంటికొచ్చాక ఆ గ్లాసులో మొదటి చాయ్ సాయమ్మ తాగింది.