గీజరు కుదిర్చిన సంబంధం

ఆ రోజుల్లో మదనపల్లెలో గీజరంటే కొనేవాళ్ళకంటే చూసిపోయేవాళ్ళే ఎక్కువ. చలికాలం వస్తే హార్స్లీ హిల్స్ గాలికి ఊరంతా వణికేది గానీ, కట్టెల పొయ్యీ దాని మీద మసిపట్టిన నీళ్ళ అండా ఉండగా గోడకు వేలాడే ఆ తెల్లడబ్బా దేనికని పెద్దవాళ్ళు తీసిపారేసేవాళ్ళు. అలాంటి ఊళ్ళో నేను ఎలక్ట్రికల్ సామాన్ల అంగట్లో సేల్స్‌మన్‌ని. గీజరు ముందు నిలబడి నేను మొదలుపెడితే, ఫ్యాను కోసం వచ్చినవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. లోపల కాయిలు ఎట్లా కాగుతుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా మెగ్నీషియం రాడ్డు ఎట్లా కాపాడుతుంది, వేడి ఎక్కువైతే కరెంటు దానంతట అదే ఎట్లా ఆగిపోతుంది, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. (అదంతా అట్టపెట్టె మీద రాసిందే. మూత విప్పితే లోపల ఏముంటుందో నేను చూసిన పాపాన పోలేదు.)

ఒకరోజు టమోటా మార్కెట్ పనిమీద వచ్చిన కుప్పం కూరగాయల వ్యాపారి ఒకాయన, నా ప్రసంగం మొత్తం చేతులు కట్టుకొని విని, మారుమాట లేకుండా గీజరు కొని టెంపోలో వేసుకుపోయాడు. కొన్నాళ్ళకు ఆయన దగ్గర్నుంచే మా ఇంటికి సంబంధం వచ్చింది. కరెంటు పని బాగా తెలిసిన పిల్లోడని మధ్యవర్తితో చెప్పి పంపాడట. మా నాన్న నావైపు అనుమానంగా చూశాడు. నేను గోడవైపు చూశాను. ఏమైతేనేం, పెళ్ళయిపోయింది.

మొదటి దీపావళికి ముందురోజు కుప్పంలో దిగాం. అత్తగారు పెట్టిన కొత్త పంచె కట్టుకొని, కాఫీ తాగి, అల్లుడి హోదాలో కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. అప్పుడు మా ఆవిడ మెల్లగా పక్కకు పిలిచింది. గీజరు కాగడంలేదట. దానికేముంది, మెకానిక్కును పిలుద్దాం అన్నాను.

"నాయిన నెలనుంచి సన్నీళ్ళే పోసుకుంటాండాడు," అంది. "మెకానిక్కు వద్దు, మా అల్లుడొస్తాండాడు, ఆయనే సూస్తాడని వీధంతా చెప్పుకున్యాడు."

కుప్పం చలి, బోరు నీళ్ళు, అరవై దాటిన మనిషి, నెలరోజులు! అదంతా నామీద నమ్మకంతో. బయటికి తొంగిచూస్తే అరుగుమీద మామగారు ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళతో కూర్చొని ఉన్నాడు. కొత్త అల్లుడి పనితనం చూడటానికి వచ్చారట.

స్పానర్లు అడిగితే మామగారు టెంపోవి తెచ్చి ఇచ్చాడు. మెయిను ఆపి, నీళ్ళు వచ్చే పైపు కట్టేసి, వేడినీళ్ళ కొళాయి తిప్పాను. కాసిని నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. ట్యాంకు ఖాళీ అయిందని అందరికీ వినపడేలా ప్రకటించాను. (వేడినీళ్ళు ట్యాంకు పైభాగం నుంచి బయటికి పోతాయనీ, కింద నీళ్ళు కదలకుండా అట్లే ఉంటాయనీ అట్టపెట్టె మీద రాయలేదు.) ధీమాగా స్టూలెక్కి, అడుగున ఉన్న నట్లు విప్పి, కాయిలు బిగించిన బిళ్ళను కిందికి లాగాను. ట్యాంకెడు చల్లనీళ్ళు, వాటితోపాటు తట్టెడు సున్నపు బురద, నెత్తిమీద పడ్డాయి. కొత్త పంచె, మీసం, అల్లుడి హోదా, అన్నీ ఒకటే రంగుకు వచ్చాయి. అత్తగారు తువ్వాలు అందిస్తూ, "పండగ రేపు గదప్పా, ఈ పొద్దే పోసుకుంటివే," అంది జాలిగా. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వు ఆపుకోవడానికి వీధిలోకి పోయారు.

చేతిలోకి వచ్చిన కాయిలు చుట్టూ సున్నం పేరుకొని చిలగడదుంపలాగా ఉంది. సున్నం కొట్టిచూస్తే లోపల కాయిలు పగిలిపోయి ఉంది. రాడ్డు ఉండాల్సినచోట సన్నటి తీగ ఒకటే మిగిలింది. ట్యాంకును కాపాడుతూ తాను కరిగిపోవడమే ఆ రాడ్డు పని అని నాకేం తెలుసు? కంపెనీవాళ్ళు రాడ్డు పెట్టకుండా మోసం చేశారనుకున్నాను. ఆ మోసాన్ని ఈయనకు అమ్మింది నేనే కదా అని ఏడుపొచ్చింది. ఇంక దాచలేకపోయాను. తడి పంచెతోనే స్నానాలగది గడపమీద కూలబడి, "మామా, ఇంతవరకూ నేను ఒక్క గీజరూ విప్పిండేది లేదు. అంగట్లో చెప్పిందంతా డబ్బామీద రాసిండేదే," అన్నాను.

ఆయన వచ్చి నా పక్కనే గడపమీద కూర్చున్నాడు.

"నీకన్నా ముందర నేను ఎవురికీ కూతుర్ని ఇచ్చిండ్లేదప్పా," అన్నాడు. "అయినా ఇయ్యలేదా? లెయ్. సామాన్లు యాడ దొరుకుతాయో సూద్దాం."

ఇద్దరం బజారుకు పోయాం. కౌంటరుకు అవతల నిలబడి బతికిన నేను మొదటిసారి ఇవతల నిలబడ్డాను. అంగడాయన ఏ సైజని అడిగితే పాత కాయిలే బల్లమీద పెట్టాను. రాడ్డు కరగడం గురించి ఆయనే నవ్వుతూ చెప్పాడు. కొత్త కాయిలు, రాడ్డు, రబ్బరు వాషరు తెచ్చుకున్నాం. ట్యాంకులో మిగిలిన సున్నమంతా చేత్తో గోకి తీశాను. బిగించి నీళ్ళు వదిలితే ఒకపక్క కారింది. మామగారు టెంపో చక్రం బిగించినట్టు ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా తిప్పమన్నాడు. కారడం ఆగింది. వేడినీళ్ళ కొళాయిలో నిండుగా ధార వచ్చేదాకా ఆగి, అప్పుడు స్విచ్చి వేశాను. ఎర్రదీపం వెలిగింది. కాసేపాగి కొళాయి కింద వేలు పెట్టి చూస్తే సుర్రుమంది. ఆ వేలును ఊదుకుంటూ ఇల్లంతా తిరిగి అందరికీ చూపించాను.

తెల్లారి తలంటుకు అల్లుడే ముందు అంది అత్తగారు. నేను ఒప్పుకోలేదు, మామను పంపాను. చానాసేపటికి ఆయన ఒంటినిండా ఆవిరితో, ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చి, తల తుడుచుకోకుండానే నేరుగా అరుగుమీదికి పోయి, అడగనివాళ్ళను కూడా పిలిచి చెప్పాడు. "ఆయప్పే విప్పి, ఆయప్పే బిగిచ్చినాడు." లోపల గదిలో నిలబడి ఆ మాట వింటుంటే నా ఛాతీ ఉప్పొంగింది. తర్వాత ఎన్ని గీజర్లు బాగుచేసినా అంత గర్వం మళ్ళీ రాలేదు.

ఇప్పుడు పుంగనూరులో నాకే సొంత అంగడి ఉంది. గీజరు కావాలన్నవాళ్ళకు విప్పి చూపిస్తాను, రాడ్డు ఎప్పుడు మార్చాలో చెబుతాను, ప్రసంగం మాత్రం మరిచిపోయాను. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న మా ఆవిడ అడిగింది, అట్టపెట్టె చదివి గీజర్లమ్మిన ఆ మదనపల్లె కుర్రాడు ఇప్పుడొస్తే ఏం చేస్తావని. ఆలోచించాను. వాడొచ్చి పని అడిగితే చచ్చినా ఇవ్వను. పిల్లనడిగితే మాత్రం, ఇంట్లో ఏదైనా చెడిపోయిందేమో చూసుకొని, ఇస్తాను.