బండ కింద పాతిన పుస్తకాలు

మా నాన్నకు రెండే వ్యసనాలు. ఒకటి నశ్యం, రెండోది ప్రపంచ చరిత్ర. నశ్యం వల్ల మాకెప్పుడూ ఏ హానీ జరగలేదు.

గచ్చిబౌలికీ నార్సింగికీ మధ్య, ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరి నిలబడే చోట, అప్పట్లో రాళ్ళూ సీతాఫలం పొదలూ జొన్నచేలూ ఉండేవి. అక్కడి ఒక చిన్న ఊరి బడిలో నాన్న పంతులు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, ఒక ముసలావిడ ఇంట్లో ముందు గదులు కిరాయికి తీసుకుని స్థిరపడ్డాడు. వెనక గదిలో ఆవిడ ఉండేది, అందరం అవ్వ అనేవాళ్ళం. భర్త లేడు, పిల్లలు లేరు, రెండు మేకలు ఉండేవి. పిల్లలకు కడుపునొప్పి వస్తే ఏవో వేళ్ళు అరగదీసి పోసేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు ఎవరో ఆంధ్రోళ్ళ ఇల్లని మా పెంకుల మీద రాళ్ళు వేస్తే, ఆవిడ కర్ర పట్టుకుని తెల్లారేదాకా అరుగు దిగలేదట. నాకప్పటికి సరిగ్గా ఊహ తెలియదు. అమ్మ చెప్పేది, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది.

ఆదివారం వస్తే నాన్న బస్సెక్కి ఆబిడ్సు వెళ్ళేవాడు. పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి లావుపాటివి ఏరి తెచ్చేవాడు. ఫ్రాన్సు జనం వాళ్ళ రాజును ఎలా దించారు, రష్యాలో ఏం జరిగింది, చైనాలో ఏం జరిగింది, మన దేశం ఎందుకు రెండు ముక్కలైంది, లోకంలో ఎన్ని మతాలున్నాయి, ఒకరి దేవుడి కోసం ఇంకొకరి మెడలు ఎందుకు కోసుకున్నారు, ఇవన్నీ మా గూట్లో వరసగా ఉండేవి. సాయంత్రం అరుగు మీద కూర్చుని పెదాలు కదుపుతూ చదివేవాడు. అమ్మ లోపల్నుంచి, "ఏవండీ, ఆ రాజుగార్ని రేపు చంపుదురుగాని, ముందు అన్నానికి రండి" అనేది.

ఎమర్జెన్సీ వచ్చింది. మొదట్లో మా ఊరికి దాని సంగతే తెలియదు. ఒకరోజు నాన్న మూసాపేటలో ఉండే స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళి, పలకరించకుండానే తిరిగొచ్చాడు. ఆయన కూడా పంతులే. పోలీసులు జీపులో ఎక్కించుకుని పోయారట. ఇంట్లోంచి ఇంకేదీ ముట్టకుండా పుస్తకాలు మాత్రం గోనెసంచుల్లో కుక్కి పట్టుకెళ్ళారట. ఎక్కడున్నాడో భార్యకు కూడా చెప్పలేదు. నాన్న ఇదంతా చెప్పి మా గూటి వైపు చూశాడు. చెంబెడు నీళ్ళు ఆగకుండా తాగాడు. పెద్దవాళ్ళకు కూడా భయం వేస్తుందని నాకు తెలిసింది ఆ రోజే. అంతకుముందు అది పిల్లల జబ్బు అనుకునేదాన్ని.

ఏది ప్రమాదమో ఏది కాదో ఎవరికి తెలుసు? ఎర్ర అట్ట ఉన్నవన్నీ ముందు తీశాడు. దాంతో బుద్ధుడి మీద రాసిన ఒక పుస్తకం కూడా ఆ కుప్పలోకి వెళ్ళింది. కాల్చేద్దామని నాన్న నోట మాట వచ్చిందో లేదో అమ్మ విరుచుకుపడింది. "కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇల్లండీ ఇది. సరస్వతిని పొయ్యిలో పెట్టి దాని మీద అన్నం వండమంటారా?" అంది. బావిలో వేద్దామంటే ఊరంతా తాగే నీళ్ళు. చివరికి పాతిపెట్టడానికి నిశ్చయమైంది.

పాతిపెట్టే పని అమ్మ తన పుట్టింటి పద్ధతిలో చేసింది. వాళ్ళ తాతగారి తాటాకు గ్రంథాలకు పురుగు పట్టకుండా ఏం చేసేవారో ఆవిడ చిన్నప్పుడు చూసింది. అట్టలకు పసుపు రాసింది. మధ్యమధ్య ఎండిన వేపాకులు, వసకొమ్ములు, కర్పూరం పెట్టింది. తన పాత ఎర్రచీర చింపి మూటలు కట్టి, పసుపు తాడుతో బిగించింది. అన్నీ పెద్ద కుండలో సర్ది మూతకు మళ్ళీ ఎర్రగుడ్డ కట్టింది. కడుతున్నప్పుడు ఆవిడ జడలోని పొడుగాటి వెంట్రుకలు ముడిలో ఇరుక్కుపోయాయి. మేమెవరం గమనించలేదు.

తెల్లవారుజామున అందరూ చెంబులు పట్టుకుని పొదలవైపు వెళ్ళే వేళకు నాన్న కూడా బయల్దేరాడు. ఒక చేతిలో చెంబు, భుజం మీద దుప్పటి కప్పిన కుండ. మా ఇంటికి దూరంగా, ఒక రైతు చేను గట్టున పెద్ద బండ ఉంది. దాని కింద ముందురాత్రే తవ్వి ఉంచిన గుంతలో పాతి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. ఖాళీ గూట్లో అమ్మ పప్పుడబ్బాలు పెట్టింది.

ఆ వానాకాలం వానలు గట్టిగా పడ్డాయి. మట్టి కొట్టుకుపోయి కుండ మెడ బయటపడింది. ఆ చేను రైతు కోడలికి అప్పటికే కొన్నాళ్ళుగా కడుపులో ఒకటే నొప్పి, దవాఖానలో చూపించినా తగ్గలేదు. అలాంటి ఇంటి చేను గట్టున ఎర్రగుడ్డ, పసుపు తాడు, మూత సందులోంచి వేపాకు, కర్పూరం వాసన. ముడిలో ఆడమనిషి వెంట్రుకలు. తెలంగాణ పల్లెల్లో దాన్ని చూసి పుస్తకాల కుండ అనుకునేవాడు ఎవడూ ఉండడు. బాణామతి అన్నారు.

బాణామతి అంటే చేతబడి. ఎవరి మీదైనా ఆ అనుమానం పడితే పటకారుతో పళ్ళు ఊడబీకేవాళ్ళు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. ఈ సంగతి విన్నప్పటినుంచి నాన్న అన్నం తింటుంటే నేను ఆయన పళ్ళే చూసేదాన్ని. ముద్ద నమలడం, నీళ్ళు పుక్కిలించడం, అన్నీ. నాకు అన్నం సహించేది కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వీధిలో ఎవరు గట్టిగా మాట్లాడినా మా ముగ్గురం ఒకేసారి తలుపు వైపు చూసేవాళ్ళం. కుండను ముట్టే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. కట్టినవాళ్ళే విప్పాలి, లేకపోతే విప్పినవాళ్ళకు తగులుతుందని దాన్ని తాడు కట్టి ఈడ్చి చావడి ముందు పెట్టారు.

కానీ వాళ్ళు నాన్నను అనుమానించలేదు. సారు చదువుకున్నోడు, సారుకేం పని. మొగుడు లేని ముసలిది, వేళ్ళు అరగదీసేది, ఆ బండ దగ్గర మేకలు మేపేది అవ్వే కదా.

బడి లేని ఒక పొద్దున వచ్చి అవ్వను రెక్క పట్టుకుని తీసుకుపోయారు. అవ్వ ఇంకా వాకిట్లో ఉండగానే అమ్మ తలుపు గడియ పెట్టింది. నాన్న ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. మాది కాదంటే అవ్వ నోరు పోతుంది. మాదే అంటే కుండ విప్పాలి, విప్పితే పుస్తకాలు బయటపడతాయి. చావడిలో పోలీసు పటేలు కూర్చుని ఉంటాడు, ఊళ్ళో ఏం జరిగినా ఠాణాకు కబురు పంపడం ఆయన పని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మీరు కదలకండి, పిల్లదాన్ని చూడండి" అంది అమ్మ. నాన్న నా వంక చూశాడు. వెళ్ళొద్దని నేనూ తల అడ్డంగా ఊపాను.

అప్పుడు చావడి వైపు నుంచి అవ్వ కేక వినిపించింది. ఒక్కటే కేక.

గడియ పెట్టిన అమ్మే తీసింది. "లేవండి. ముడి వేసింది నేను. నేనే విప్పుతాను" అంది. నాన్న లేచాడు. ముగ్గురం వెళ్ళాం.

అవ్వ స్తంభానికి ఆనుకుని కూలబడి ఉంది. నోటి నిండా రక్తం. ముందు పన్ను ఒకటి అప్పటికే పోయింది. పటకారు రైతు చేతిలో ఉంది. నాన్న, "ఆ కుండ మాది" అన్నాడు. ఎవరికీ వినిపించలేదు, గట్టిగా మళ్ళీ అన్నాడు. జనం మా చుట్టూ చోటు వదిలి వెనక్కి జరిగారు. అమ్మ వంగి ముడి విప్పబోయింది, వానకు నాని బిగుసుకుపోయి రాలేదు. చివరికి పళ్ళతో కొరికి విప్పింది. ఒక్కొక్క పుస్తకం తీసి నేల మీద పెట్టింది.

"మంత్రాల పుస్తకాలే గదా ఇవి" అన్నాడు రైతు.

"మంత్రాలు కావయ్యా, చరిత్ర" అన్నాడు నాన్న.

"అయితే చదువు. అందరు విననీకె చదువు."

నాన్న చేతికి అందింది తీశాడు. ఫ్రాన్సు. పట్నంలో రొట్టె దొరక్క ఆడవాళ్ళు గుంపుగా వానలో తడుస్తూ రాజుగారి కోటకు నడిచిపోయిన భాగం అది. నాన్న చదువుకుంటూ పోయాడు. రాజును బండెక్కించి పట్నానికి తీసుకొచ్చే చోటికి వచ్చేసరికి పటేలు చెయ్యి ఎత్తాడు. ఆయన చదువు ఉర్దూలో, తెలుగు అక్షరాలు రావు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

"ఇగ చాలు సారు. రాజుల కథ ఇది, బాణామతి గాదు" అని జనంతో అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "పాతిపెట్టుడేందమ్మా మరి?"

"ఇంట్లో చెదలండీ. మావైపు ఇలాగే దాస్తారు" అంది అమ్మ.

"చెదలకు భయపడి మట్టిల పెడతరా?" అన్నాడు. నవ్వలేదు. "కుండ నా ఇంట్ల ఉంటది" అని లేచిపోయాడు.

అవ్వకు ఎవరో నీళ్ళిచ్చారు. తప్పయిందని ఒక్కరూ అనలేదు. అమ్మ ఆవిడను పట్టుకుని ఇంటికి నడిపించింది.

ఆ తర్వాతే అసలు భయం మొదలైంది. పటేలు ఠాణాకు కబురు పంపలేదు. పంపినా బాగుండేది అనిపించేంతగా మమ్మల్ని అలా వదిలేశాడు. రోజూ సాయంత్రం మా ఇంటి ముందునుంచి వెళ్ళేవాడు. గుమ్మం దగ్గర ఆగేవాడు. దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే అమ్మ దీపం తగ్గించి గడియ పెట్టేది. నాన్న గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. కాసేపటికి చెప్పుల చప్పుడు దూరమయ్యేది. నాన్న చదవడం మానేశాడు, వార్తాపత్రిక కూడా. బళ్ళో పాఠం తప్ప వేరే మాట లేదు. జీపు చప్పుడు వింటే నేను ఇప్పటికీ తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటాను. సిగ్గుగానే ఉంటుంది, కానీ చూసుకుంటాను.

ఎమర్జెన్సీ పోయింది, ఎన్నికలయ్యాయి, ఢిల్లీలో ప్రభుత్వం మారింది. మూసాపేట స్నేహితుడు చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఒక మధ్యాహ్నం పటేలు ఎడ్లబండి మీద కుండ పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పట్టపగలు కాబట్టి గడియ పెట్టడానికి వీల్లేకపోయింది.

"తీస్కో సారు నీ సామాను" అన్నాడు. "నిద్ర లేకుండ చేసినవు."

నాన్నకు అర్థం కాలేదు.

"ఏం జెయ్యాలె చెప్పు? ఠాణాల ఇస్తే, ఇన్ని దినాలు నీ ఊర్ల ఎట్లున్నయని నన్నే లోపలేస్తరు. కాలుద్దమంటే నీ పెండ్లాం ఏం కట్టిందో ఏమో, నా ఇంటామె ముట్టనియ్యదు. జొన్నల పాతర్ల దాసిన. నీకు ఇచ్చెయ్యాలని రోజు పొద్దుమీకి వచ్చి నిలబడితి. దగ్గితి. నువ్వు తలుపు తియ్యకపోతివి."

అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పటేలు తాగి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. మేం దాక్కున్న అన్ని సాయంత్రాలూ ఆయన మాకు భయపడుతూ గుమ్మంలో నిలబడ్డాడన్నమాట.

పుస్తకాలు గూట్లోకి వెళ్ళాయి గానీ నాన్న వాటి జోలికి పోలేదు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అవ్వ వచ్చి మా గడప మీద కూర్చుంది. నోట్లో ఆ ఖాళీ అలాగే ఉంది. మేమెవరం దానివైపు నేరుగా చూడం.

"సారు, ఆ దినం చదివినవు గదా, రాజును బండ్లె ఎక్కిచ్చిన్రని. తర్వాత ఏమాయె?"

"ఇప్పుడెందుకు అవ్వా అవన్నీ" అన్నాడు నాన్న.

"నా పన్ను వోయింది ఆ కథకే. సగం ఇంటే ఎట్ల? మొత్తం చెప్పు."

నాన్న లేచి పుస్తకం తీశాడు. పసుపు ఇంకా అట్టకు అంటుకునే ఉంది. చదివాడు. రాజును పట్టుకోవడం, విచారించడం, జనం మధ్య తల తీసేయడం. అవ్వ మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని విన్నది.

"రాజు వోయినంక జనం నిమ్మలంగ ఉన్నరా మరి? ఎవలకు భయం లేకుండ?"

నాన్న తర్వాతి పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. అక్కడ పక్కింటివాళ్ళ మీద పక్కింటివాళ్ళు అనుమానం చెప్పడం, తలుపులు వేసుకుని కూర్చోవడం, అనుమానం పడ్డవాళ్ళనల్లా ఈడ్చుకుపోవడం ఉంది. ఆయన పుస్తకం మూసేశాడు.

"లేరు అవ్వా" అన్నాడు.

"నాకెర్కనే" అంది అవ్వ. "నేను మొత్తుకున్ననాడు మీ గడియ ఇప్పేదాక ఎంత సేపాయెనో, నాకెర్క."