మామగారికి గూడబాతుల్ని చూపించిన వేళ

అంత పెద్ద కొల్లేటికి తీసుకెళ్లి ఒక్క గూడబాతును కూడా చూపించలేకపోయినవాడు, అదే పూట చూపించకూడని చోట వందల గూడబాతుల్ని చూపించి కన్నతండ్రి చెరువులో వాటికి పంక్తిభోజనం పెట్టించినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ మీకు ఈ సంగతి చెబుతున్నాడు. కాస్త సర్దుకుని కూర్చోండి. నవ్వొస్తే నవ్వండి, మా ఇంట్లో అందరూ నవ్వేశారు, ఇంక మొహమాటమేముంది.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. తాడేపల్లిగూడెంలో ఒక పురుగుమందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. ఎండిపోతున్న చేను గట్టున నిలబడి కూడా, ఈసారి మీకు ఇల్లు పట్టనంత పంటండీ అని చెప్పగల నోరు నాది. పెళ్లిచూపుల్లో ఆ నోరు ఊరుకోలేదు. మా ఊరు పెదపాడు దాటి కొల్లేటి వైపు. "మా కొల్లేరు చూడాలండీ మీరు. గూడబాతులు, అదేనండి పెలికాన్లు, ఎగిరితే ఎండ కనబడదండి. గొడుగు అక్కర్లేదండి" అని కాబోయే మామగారికి చెప్పేశాను. అల్లుడి నోట్లో శని ఉంటుందని పెద్దలు ఊరికే అన్నారా?

మామగారు గుంతకల్లు వైపు చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన జీవితంలో నీళ్లంటే కుళాయిలో వచ్చినప్పుడు వచ్చేవే. అందుకని నా మాట ఆయన మనసులో బలంగా నాటుకుపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా "పక్షులు వచ్చినాయా అల్లుడూ?" అనేవారు. కూతురు బాగుందా అని ఆ తరువాత అడిగేవారు.

కార్తీకమాసంలో మామగారు, అత్తగారు మా ఊరొచ్చారు. నేనూ, నా భార్య హైమా గూడెం నుంచి వెళ్లాం. సాయంత్రం అరుగు మీద కూర్చోగానే మామగారు గడియారం సరిచేసుకుని అడిగారు.

"రేపు ఎన్నింటికి బయలుదేరాలి?"

"టిఫిన్లవీ చేసి, తాపీగా వెళ్దామండి. పదకొండుకి అక్కడుంటే బ్రహ్మాండంగా ఉంటుందండి."

హైమ నెమ్మదిగా అంది. "ఏవండీ, మా ఆఫీసులో అమ్మాయి వాళ్లు తెల్లారేసరికే వెళ్లారంట. అప్పుడైతే బాగా కనపడతాయంది."

"వాళ్లకేం తెలుసు హైమా. ఇప్పుడు పొద్దున్నే మంచు. మంచులో తెల్ల పక్షి కనపడుతుందా? ఎండ నడినెత్తికొచ్చాక అయితే ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు. ఫోటోకి కూడా వెలుగు ముఖ్యం."

చూశారా, ఎంత చక్కటి తర్కమో. అందులో ఒక్క లోపమే ఉంది. పక్షి ఆ వేళకి అక్కడ ఉంటుందా అన్న ప్రశ్న నాకు తట్టలేదు.

మరి నాన్నగారిని అడగొచ్చు కదా అంటారు. నాన్నగారికి చేపల చెరువుంది. ఆ వారమే అందులో వేలెడంత చేపపిల్ల వదిలారు. గూడబాతుల గురించి ఆయన్ని అడగడమంటే, దొంగలు అందంగా ఉంటారా అని ఇల్లు దోచబడ్డవాణ్ణి అడగడమే. పైగా ఆయన అప్పటికే చెరువు మీదికి వెళ్లిపోయారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట అడక్కుండానే తిన్నగా కారెక్కాను.

మరునాడు అమ్మ వేసిన పెసరట్లు తిని, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రమున్న ఆటపాక చేరాం. మామగారు కొత్త టోపీ పెట్టుకున్నారు. అత్తగారు కళ్లజోడు తుడుచుకున్నారు. పడవెక్కాం. ఎండ నడినెత్తి మీద ఉంది. వెలుగు దివ్యంగా ఉంది. నీళ్లు తళతళలాడుతున్నాయి. పక్షులు కూర్చోవడానికి వేసిన దిమ్మలు, స్టాండ్లు ఈక ఈకా కాదు, మేకు మేకూ కనబడుతున్నాయి. వాటి మీద ఒక కాకి కూర్చుని ఉంది.

"అదేనా?" అన్నారు అత్తగారు, చాలా మర్యాదగా.

"కాదండి, అది కాకండి" అన్నాను.

నేను పడవవాడి వైపు తిరిగాను. "పక్షులేవయ్యా?"

"మేతకెళ్లాయండి. ఇంకా గూళ్లు కట్టలేదు కదండీ, పొద్దున్నే ఎగిరిపోతాయండి. నాలుగు దాటాక వచ్చేస్తాయండి."

"ఈ సంగతి పడవెక్కేముందే చెప్పొచ్చు కదా."

"మీరు అడగలేదు కదండీ. ఊరికే పడవ షికారుకొచ్చారనుకున్నానండి."

మామగారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. ఆ ఖాళీ దిమ్మల వైపు కాసేపు చూసి, "బండి పోయినాక ప్లాట్‌ఫారం చూపియ్యను పిలుచుకొచ్చినావు అల్లుడూ. ప్లాట్‌ఫారం చానా శుభ్రంగా ఉండాది" అన్నారు.

హైమ నీళ్లలోకి చూస్తూ పెదవి బిగబట్టుకుంది. నవ్వాపుకోవడానికని ఆ తరువాత తెలిసింది.

తిరుగు ప్రయాణమయ్యాం. నా పరువు పక్షులు ఎగిరాక పడవెక్కిన చందంగా తయారైంది. ఎలాగైనా ఏదో ఒకటి చూపించాలి. "పోనీ, మా చెరువు చూసి వెళ్దామండి" అన్నాను. మా చెరువు గట్టు మలుపు తిరిగామో లేదో, అత్తగారు నా సీటు పట్టుకుని లేచినంత పని చేశారు.

చెరువు తెల్లగా ఉంది. నీళ్లు కనపడడం లేదు. గూడబాతులే గూడబాతులు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, సంచీలాంటి మూతులు నీళ్లలో ముంచి పైకెత్తి, మెడలు సాచి మింగుతున్నాయి. పడవవాడు మేత అన్నాడే గాని, ఆ మేత ఎవరి చెరువులోదో నేను అడగలేదు.

అవతలి గట్టు మీద నాన్నగారు. చంకలో రేకు డబ్బా, చేతిలో దీపావళికి మిగిలిన టపాసులు. ఏదో పని మీద ఇంటికెళ్లి వచ్చేలోపల దిగిపోయినట్టున్నాయి, ఆయన కంగారుగా అగ్గిపుల్ల గీయబోతున్నారు. వెంటనే ఫోన్ చేశాను. అక్కడే చేశాను అసలు ఘనకార్యం.

"నాన్నగారూ, కాల్చకండి. మామగారొచ్చారు. ఒక్క ఫోటో తీసుకుంటారు."

నాన్నగారు చెరువు వైపే చూస్తూ అడిగారు. "ఎంతసేపురా అబ్బాయ్?"

"ఐదు నిమిషాలండి."

నాన్నగారు ఇంటికొచ్చిన వియ్యంకుడికి కాదని చెప్పలేని మనిషి. అగ్గిపుల్ల మళ్లీ పెట్టెలో పెట్టేశారు. గట్టు చుట్టూ నడిచి మా దగ్గరికొచ్చి, "రండి బావగారూ, రండి చెల్లెమ్మగారూ" అన్నారు. పలకరింపు మా వైపు, కళ్లు చెరువు వైపు.

ఐదు నిమిషాలన్నానా? మామగారు నిలబడి తీశారు, గొంతుక్కూర్చుని తీశారు. అత్తగారు వీడియో కాల్‌లో గుంతకల్లులో ఉన్న అక్కగారికి ఒక్కొక్క పక్షినీ పరిచయం చేస్తున్నారు. అక్కగారు ఫోన్‌లో ఇంటిల్లిపాదినీ పిలుస్తున్నారు.

"ఎంత శాంతంగా ఉన్నాయో చూడండి అన్నయ్యగారూ" అన్నారు అత్తగారు.

"కడుపు నిండుతున్నప్పుడు శాంతంగానే ఉంటాయండమ్మా" అన్నారు నాన్నగారు.

"కార్తీకంలో కూడా చేపలు తింటాయా?"

"వాటికి నియమం లేదండమ్మా."

మామగారు నాన్నగారి భుజం మీద చెయ్యి వేశారు. "బావగారూ, సొంత చెరువులో ఇన్ని పక్షులకు చోటిచ్చి మేపుతా ఉండారే. మీ మనసు ఎంత పెద్దది. ఆ చేతిలో డబ్బా ఏంది?"

నాన్నగారు డబ్బా వైపు చూసుకున్నారు. "ఇదాండీ, ఇది... తవుడు డబ్బా అండి."

ఆయన నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపు నాకిప్పటికీ అన్నం తింటున్నప్పుడు గుర్తొస్తుంది. కాస్త తోలితే బాగుండునని నేనైనా అనాలి. కాని పొద్దున్నుంచీ మొదటిసారి మామగారి మొహంలో వెలుగు కనబడింది.  ఎప్పుడూ మూత పడని నోరు, అవసరమైనప్పుడు చూసి మూతపడింది.

ఇంతలో భోజనాలకు పిలవడానికి అమ్మ వచ్చింది. చెరువు చూసింది. ఇక అమ్మ కళ్లకు వియ్యంకుడు లేడు, వియ్యపురాలు లేదు.

"ఏవండీ, అలా బొమ్మలా నిలబడ్డారేంటండీ? పిల్లంతా అవి మింగేస్తుంటే?" అని నాన్నగారి చేతిలో డబ్బా లాక్కుని ఠంగుఠంగున వాయించడం మొదలుపెట్టింది.

మామగారు తెల్లబోయారు. "అంటే... ఇవి తింటా ఉండేది మీరు పెంచే చేపలా బావగారూ?"

"పర్లేదండి, మీరు తీసుకోండి ఫోటో" అన్నారు నాన్నగారు, నీరసంగా.

ఆ తరువాత జరిగింది మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామగారు ఫోన్ జేబులో పడేసి, భుజం మీది తువ్వాలు లాగి, గట్టు వెంట పరుగెత్తారు. జెండాలు ఊపిన చెయ్యి కదా, ఆ ఊపులో ఒక అధికారముంది. "పోండి, పోండి, లైన్ క్లియర్" అని అరుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు తోలారు. హైమ చున్నీ తిప్పింది. నేను చప్పట్లు కొట్టాను. చెరువు చెరువంతా ఒక్కసారిగా లేచింది. రెక్కల గాలికి గట్టు మీది గడ్డి వంగింది. నిజంగానే ఎండ కనపడలేదు. అంత గొప్ప దృశ్యాన్ని ఒక్కరమూ ఫోటో తీయలేదు. అందరికీ చేతుల్లో పనుంది.

భోజనాల దగ్గర మామగారు తలెత్తలేదు. "నా వల్ల మీకు నష్టమొచ్చె బావగారూ" అన్నారు.

"ఊరుకోండి బావగారూ, ఉన్న పిల్ల పెరుగుతుంది లెండి. మీరు తోలినట్టు ఇరవయ్యేళ్లుగా నేనూ తోలలేదు. అవి మళ్లీ ఈ గట్టు ఎక్కవు" అని నాన్నగారు ఆయన విస్తట్లో స్వయంగా పప్పు వడ్డించారు. 

ధైర్యం వచ్చి నోరు తెరిచాను. "నాలుగు దాటాక గూటికొస్తాయంట నాన్నగారూ. సాయంత్రం అందరం ఆటపాక వెళ్దామా? మీరు కూడా రండి."

నాన్నగారు చాలా నిదానంగా మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టారు. "మీరు వెళ్లి రండిరా. మధ్యాహ్నం వాళ్లే మన చెరువుకొచ్చి భోంచేసి వెళ్లారు. మళ్లీ సాయంత్రం కూడా కలవాలంటే నాకు మొహమాటం."

మామగారు నవ్విన నవ్వుకు పొలమారి నీళ్లు తాగించాల్సి వచ్చింది. సాయంత్రం వెళ్లాం, చూశాం. కడుపులు నిండి బరువుగా దిగుతున్న ఒక్కొక్క పక్షినీ చూసి, "బావగారి చేపే" అని మామగారు నమస్కారం పెట్టారు.

ఆటపాక గట్టు మీదే, పడమటి సూర్యుణ్ణీ, పక్కన నిలబడ్డ ధర్మపత్నినీ సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను. ఏ కొండకు, ఏ కొలనుకు, ఏ గుడికి ఏ వేళప్పుడు వెళ్లాలో ఇక జన్మలో ఎవ్వరికీ చెప్పను. ద్వారకా తిరుమల దర్శనానికి ఎప్పుడు బావుంటుందని ఎవరైనా అడిగితే, ఫోన్ హైమకిచ్చేస్తాను. హైమ తీసుకుంటుంది. తీసుకుని, మొదట ఈ కథంతా చెప్పి, ఆ తరువాతే వేళ చెబుతుంది.