నాలుగు పథ్యాల గుండెదడ

నాలుగో తరగతి నేను మూడేళ్ళు చదివాను. ఇంకో ఏడాది కూర్చుంటే పంతులు నన్నే పాఠం చెప్పమంటాడని భయపడి మా బాపు బడి మాన్పించి, వరంగల్ బజారులోని మా బట్టల దుకాణంలో గద్దె మీద కూర్చోబెట్టాడు. అంతటి చదువు ఉండీ, తర్వాత వచ్చిన జబ్బుకు నేను పేరు పెట్టలేకపోయాను. పేర్లకైతే కరువు లేదు. ఎవరి దగ్గరికి పోతే వాళ్ళు ఒకటి పెట్టారు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మిల్లు బట్ట దొరకడమే కష్టం. దొరికింది కూడా పల్చన. ఒక పొద్దున కేసముద్రం నుంచి వచ్చిన రైతు ఒకాయన పంచెను వెలుతురుకెత్తి పట్టుకున్నాడు.

"ఇదేంది సేటూ, దీంట్లకెల్లి అవుతలి మనిషి కనవడుతాండు."

"మంచిదే గద మామా. పగలు కట్టుకో, రాత్రి దోమతెర గట్టుకో" అన్నాను.

పక్కన కూర్చున్న బాపు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే బట్టల మూట మీదికి ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

కర్మలన్నీ ముగిసి దుకాణం తెరిచిన రోజే నాకు మొదలైంది. గద్దె మీద కూర్చోగానే గుండె దడదడ, అరచేతుల్లో చెమట. బయటికి వచ్చి నిలబడితే తగ్గేది. నా హాస్యం ఆగింది గానీ నోరు ఆగలేదు. పలకరించిన ప్రతివాడికీ నా గుండె ఎట్లా కొట్టుకుంటున్నదో చెప్పేవాణ్ణి. బాపు ఏ మాటకు నవ్వుతూ పోయాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అన్న ఊళ్ళో లేడు. అతనికీ తెలియదు.

అన్న రెండు నెలలు ఓపిక పట్టాడు. ఆ తర్వాత ఒకనాడు అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పాడు.

"తమ్మీ, ఉగాది దాకా సూస్త. గప్పటికి నువ్వు గద్దె మీద కూసోకుంటే ఈడ మా బామ్మర్దిని కూసోవెట్టుకుంట. తొర్రూర్ల మీ మామకు పొలం కాడ మనిషి గావాల్నట. నువ్వు ఆడికి పో."

ఇల్లరికం అనే మాటొక్కటే వాడలేదు. ఉగాదికి ఇంకా నెలన్నర ఉంది.

వైద్యం చేయించుకోవడం మొదలుపెట్టాను. హకీం సాబ్ నాడి పట్టుకుని, "ఫికర్ జర ఎక్కువుంది" అన్నాడు. ఆ దిగులు తగ్గడానికి లేహ్యం ఇచ్చి పులుపు బంద్ చేయమన్నాడు. నాటు వైద్యుడు అది వాతమన్నాడు. పెరుగు, వంకాయ, పప్పు బంద్. వారానికి రెండుసార్లు తలకు నూనె పెట్టించుకోమన్నాడు. దవాఖానలో డాక్టరు గుండె విని, సీసాలో ఎర్ర మందు పోయించి, కారం, చాయ్ మానమని, "సంతోషంగా ఉండు" అని పంపించాడు. ఆ చివరి మందు ఏ దుకాణంలో దొరుకుతుందో చీటీ మీద రాయలేదు. మడికొండలో తాయెత్తు కట్టినాయన ఇది బాపు దయ్యమే అన్నాడు. అందుకు ఉప్పు బంద్.

ఒకరి సంగతి ఇంకొకరికి చెబితే కోపగించుకుంటారని ఏ ఒక్కరికీ చెప్పలేదు. పైగా మా ఇళ్ళలో మందు మరిచినా నడుస్తుంది గానీ పథ్యం తప్పితే నడవదు. అందుకని నాలుగు పథ్యాలూ కలిపి పట్టాను. పొయ్యి దగ్గర మా ఆవిడ వేళ్ళు మడిచి చూసుకుంది.

"ఇగ మిగిలినయి నీళ్ళు, గాలి. ఆ రెండిట్ల ఏది బంద్ చేస్తరో గది గూడ అడిగి రాండ్రి."

ఉప్పులేని గంజి మీద నెల గడిచింది. నాలుగడుగులు వేస్తే కళ్ళు తిరిగేవి, దడ రెట్టింపయ్యేది. రోగం ముదిరిందనుకున్నానే తప్ప అది ఆకలి అని తట్టలేదు.

తలకు నూనె పెట్టడానికి వచ్చేది మా ఇంటి మంగలి. బాపుకు ముప్పై ఏళ్ళు గడ్డం గీసినవాడు. అరుగు మీద కూర్చోబెట్టి నడినెత్తిన నువ్వుల నూనె పోసి అరచేత్తో తట్టేవాడు. ఉగాది ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున అట్లాగే కూర్చున్నాను. ఆ రోజు నాకు మాట్లాడే సత్తువ కూడా లేదు. చాలాసేపు అతని చేతి చప్పుడే. ఉన్నట్టుండి నా నోటినుంచి వచ్చింది.

"మామా, మా బాపును నేనే చంపిన."

చెయ్యి ఆగలేదు. "ఎట్లా?" అన్నాడు.

దోమతెర సంగతి చెప్పాను. ఏడ్చానని రాయాలి, ఏడ్చాను. అతను నూనె అంతా ఇంకేదాకా తట్టి, అప్పుడు ఎదుటికి వచ్చి కూర్చున్నాడు.

"చిన్న సేటూ, ఆ పొద్దుగాల మీ బాపుకు గడ్డం గీసింది నేనే. ఎడమ జబ్బ గుంజుతాందంటే నూనె రాసిన. పదిహేను దినాలసంది గట్లనే గుంజుతాందన్నడు. దవాఖానకు పోరాదు సేటూ అన్న. పిల్లలకు చెప్పకు, దుకాణం బంద్ వెట్టి నన్ను పండవెడ్తరు అన్నడు. నువ్వు నవ్వించకున్నా పోవుడే. నవ్వుకుంట పోయిండు, గంతే."

అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. లోపలికి పోయి మా ఆవిణ్ణి పచ్చిపులుసు అడిగాను. పథ్యం ఏ వైద్యుడు మార్చాడని ఆమె అడగలేదు. ఉప్పు, కారం, పులుపు అన్నీ వేసి తెచ్చింది. రెండుసార్లు పెట్టించుకున్నాను.

నాలుగో రోజు గద్దె ఎక్కాను. గుండె కొట్టుకుంది. లేవకుండా కూర్చున్నాను. కొంతసేపటికి నెమ్మదించింది. మర్నాడు మళ్ళీ కొట్టుకుంది, మళ్ళీ కూర్చున్నాను. ఉగాది నాడు అన్న కొత్త మూటలు నా వైపు నెట్టాడు. తొర్రూరు ప్రయాణం తప్పింది. దడ ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు చుట్టపు చూపుగా వచ్చిపోతుంది.

పండగ అయ్యాక గడ్డం గీయించుకుంటూ మంగలిని నిలదీశాను.

"బజార్ల అందరి సంగతులు నీ నోట్లెనె ఉంటయి గద మామా. మా బాపు జబ్బ సంగతొక్కటి మూడు నెలలు ఎట్ల దాచినవే?"

అతను కత్తి నూరుతూ అన్నాడు:

"దాచుడు గాదు బిడ్డా. నెత్తికి నూనె వెట్టినప్పుడల్లా చెప్దామని నోరు తెరిచిన. మంగలోనికే మాట సందియ్యనోన్ని ఈ జన్మల నిన్నొక్కన్నే సూసిన."