దేవ్‌సింగ్ బిగించిన గాలి ట్యాంకు

దుమ్ముగూడెం దాటి అడవి లోపలికి పోయే రోడ్డు మీద దేవ్‌సింగ్ షెడ్డు ఉంది. నాలుగు రేకులు, రెండు దుంగలు, ముందు వేలాడే పాత టైరు. ఆ టైరే బోర్డు. ఆయన బాగు చేసిన బండి మళ్లీ చెడిపోవడానికి సిగ్గుపడుతుందని ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చుని మేము చెప్పుకునేవాళ్లం. టైరును గోటితో కొట్టి ఎన్ని పాయింట్ల గాలి ఉందో చెప్పేసేవాడు. గేజీ పెట్టి చూస్తే ఒకటి అటో ఇటో వచ్చేది. ఆ ఒకటి కూడా గేజీ తప్పేనని నేను పది ఊళ్లలో చెప్పాను.

పుట్టింది పెనుబల్లి దగ్గర తండాలో. పదో తరగతి తప్పాడు. ఖమ్మంలో లారీల షెడ్డులో పదిహేనేళ్లు గ్రీజు పూసుకుని, పెళ్లాం సక్రిని తీసుకుని ఇటు వచ్చేశాడు. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే అందులో పన్నెండు పానా నంబర్లే ఉండేవి. మిగతా ఎనిమిది సక్రి కోసం దాచుకునేవాడేమో మాకు తెలియదు. సక్రి మాత్రం ఆయన వాటా కూడా కలిపి మాట్లాడేది. షెడ్డుకు వచ్చిన డ్రైవర్లకు పానాలు అందించేది, టీ ఇప్పించేది, తిట్టేది.

ఆమె తమ్ముడు బలరాం. తల్లి పోయేనాటికి వాడు పాకుతున్నాడట. అక్కే ఎత్తుకుని పెంచింది. అత్తారింటికి వచ్చిన రోజున ఒక చంకలో బట్టల మూట, ఇంకో చంకలో బలరాం ఉన్నారని ఆమే చెప్పేది. దేవ్‌సింగ్ వాడికి నడక తప్ప అన్నీ నేర్పాడు. ముఖ్యంగా బండి నేర్పాడు. పెద్దయ్యాక వాడు ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నాడు. ప్రమీలను చేసుకున్నాడు. వాగు అవతలి గూడేలకు మనుషుల్ని, బియ్యాన్ని, మందుల్ని, జ్వరాలతో ఉన్నవాళ్లను మోసేవాడు. అంబులెన్సు వాగు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి బలరామే.

ఆ వాగు ఇసుక సంగతి చెప్పాలి. టైర్లలో గాలి సగానికి సగం తీసేస్తేనే బండి ఇసుక మీద నిలబడుతుంది, లేకపోతే చక్రం తిరిగినకొద్దీ దిగబడిపోతుంది. దాటాక మళ్లీ గాలి నింపాలి, లేకపోతే అవతల రాళ్ల దారిలో మెత్తటి టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. గాలి తీయడానికి ఒక పుల్ల చాలు. నింపడానికి మాత్రం అవతల ఎక్కడా గాలి దొరకదు. అందుకని డ్రైవర్లు మెత్తటి టైర్లతోనే దేవుడి మీద భారం వేసి పోయేవాళ్లు.

రెండేళ్ల కింద వానల్లో కట్లపాము కరిచిన ఒకాయన్ని బలరాం తీసుకొస్తున్నాడు. రాళ్ల దారిలో ముందు టైరు ఊడింది. స్టెప్నీ వేశాడు, అర కిలోమీటరుకే వెనక టైరు ఊడింది. పంపు లేదు, ఫోన్‌కు సిగ్నల్ లేదు. మోసుకుని నడిచారు. వాగు ఒడ్డుకు చేరేసరికి ఆయన బలరాం వీపు మీదే చల్లబడ్డాడు. ఆ తర్వాత వారం రోజులు బలరాం అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఎనిమిదో రోజున షెడ్డుకు వచ్చి, జీపులోనే గాలి పుట్టే ఏర్పాటు చేయమని బావను అడిగాడు.

దేవ్‌సింగ్ నెల రోజులు ఆ పని మీదే పడ్డాడు. యాక్సిడెంటులో నుజ్జయిన ఒక కారు నుంచి ఏసీ కంప్రెసర్ ఊడదీశాడు. దానికి ఇనుప బ్రాకెట్ కోసి, ఇంజిన్ పక్కన కూర్చోబెట్టి, బెల్టు తగిలించాడు. ఇంజిన్ తిరిగితే కంప్రెసర్ తిరుగుతుంది, చల్లగాలికి బదులు ఒత్తిడి గాలి వస్తుంది. దాన్ని దాచడానికి లారీ బ్రేకుల గాలి ట్యాంకు ఒకటి తుక్కులో ఏరి తెచ్చాడు. లోపల నీళ్లు నింపి, పంపుతో రెండు వందల పాయింట్ల దాకా ఒత్తి, చెమ్మ కూడా బయటికి రాలేదని చూసి గానీ బిగించలేదు. ఆ పరీక్షకు నేనే సాక్షిని. మూడు వందలని చెబుతుంటాను గానీ రెండు వందలే.

ట్యాంకు ఎక్కడ పెట్టాలన్న దగ్గర బావాబామ్మర్దులకు తేడా వచ్చింది. బండి కింద పెడదామని దేవ్‌సింగ్ అన్నాడు. వాగులో రాళ్లు తగిలి చిల్లు పడుతుందని బలరాం ఒప్పుకోలేదు. చివరికి డ్రైవరు సీటు వెనకాల పెట్టారు. ట్యాంకు నూట ఇరవై పాయింట్లకు నిండగానే కంప్రెసర్‌ను ఆపేసే స్విచ్చు ఒకటి ఉంది. ఆ స్విచ్చు పని చేయకపోతే, నూట యాభై దగ్గర తనంతట తానే తెరుచుకుని గాలి వదిలేసే సేఫ్టీ వాల్వు ఒకటి. దేవ్‌సింగ్ ఆ వాల్వును వేలితో చూపించి, ఆ రోజు కోటాలోంచి నాలుగు మాటలు ఖర్చు పెట్టాడు.

"దీన్ని మాత్రం ముట్టకు, బలరాం."

ఆ ఏడాది బలరాం వాగు దాటి, ఒడ్డున ఆగి, పైపు తగిలించి నాలుగు టైర్లు నింపుకుంటుంటే గూడెం పిల్లలు చుట్టూ మూగేవాళ్లట. సైకిళ్లు తెచ్చి గాలి కొట్టించుకునేవాళ్లట. మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా. మణుగూరు వైపు బొగ్గు బావుల కుటుంబం నుంచి వచ్చిన కిషోర్ మొదట వచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఎనిమిది జీపులకు దేవ్‌సింగ్ ట్యాంకులు ఎక్కాయి. ఆ సీజనులో రాళ్ల దారి మీద ఒక్క మనిషి కూడా చావలేదు. ఇది నేను పెంచి చెబుతున్నది కాదు.

ఈ జూలైలో వానలు ముందే పడ్డాయి. వాగు నీళ్లు సీటు దాకా వచ్చేవి. నీళ్లు తగిలీ తగిలీ స్విచ్చులు మొరాయించడం మొదలైంది. కంప్రెసర్ ఆగదు, ట్యాంకు నిండిపోతుంది, వాల్వు తెరుచుకుని సుయ్‌మని అరుస్తుంది. సీటు వెనకాలే ఆ అరుపు. నెలల బిడ్డలు ఏడ్చేవాళ్లు, కోళ్లు బుట్టల్లోంచి దూకేవి.

బలరాం ఫోన్ చేశాడు. దేవ్‌సింగ్ చేతులకు గ్రీజు కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడేవాడు. రోడ్డుకు ఈవల ఉన్న మాకు కూడా అంతా వినబడింది.

"బావా, నీ వాల్వు ఊకె సుయ్‌మంటాంది. కూసున్నోళ్లు జడుసుకుంటాన్రు."

"అది అరుస్తాందంటె స్విచ్చు కరాబైనట్టు. అరవనియ్. రేపు బండి తీస్కరా, స్విచ్చు మారుస్త."

"రేపు గూడెం కిరాయి ఉంది."

"ఎల్లుండి రా. అందాక దాని మీద చెయ్యి పెట్టకు."

మర్నాడు దేవ్‌సింగ్ ఆ స్విచ్చు కోసమే బస్సెక్కి భద్రాచలం పోయాడు. ఆయన పోయిన గంటకు బలరాం జీపు షెడ్డు ముందు ఆగింది. బావ లేడా అని అక్కను అడిగాడు. చిటికెన వేలు చూపించి, ఇంత లావు బోల్టు కావాలన్నాడు. సక్రి బోల్టుల డబ్బాలో చెయ్యి పెట్టి మూడు తీసింది. వాడు ఒకటి ఏరుకున్నాడు. ఎందుకురా అని అడిగితే ఏదో తూటు మూయాలన్నాడు. వాల్వు విప్పేసి ఆ తూటులో బోల్టు బిగిస్తుంటే ఆమె పక్కనే నిలబడి పానా అందించింది. ఆమెకు ఏ తూటు ఏదో తెలియదు. రెండు జొన్నరొట్టెలు కవర్లో చుట్టి సీట్లో పెట్టింది. ఇదంతా నేను టీ తాగుతూ చూశాను. నాకూ ఏ తూటు ఏదో తెలియదు.

దేవ్‌సింగ్ తెచ్చిన స్విచ్చు మూడు రోజులు షెడ్డులో మేకుకు వేలాడింది. బలరాం రాలేదు. వాల్వు అరవడం లేదు కదా, ఇక తొందరేముంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వాగు దిక్కు నుంచి సప్పుడు వచ్చింది. ఈ అడవిలో పెద్ద సప్పుడు వింటే మనిషికి మొదట వచ్చే ఆలోచన ఒకటే, మందుపాతర. అందరం లోపలికి పోయి తలుపులు వేసుకున్నాం. గంట తర్వాత తెలిసింది. బలరాం గూడెంలో మనుషుల్ని దింపి ఖాళీగా వస్తూ, వాగు దాటి, టైర్లు నింపుకోవడానికి ఆగాడు. రెండు టైర్లు నింపాడు. గాలి జల్దీ రావాలని సీట్లో కూర్చుని ఎక్సలేటర్ తొక్కాడు. వెనక ట్యాంకు పగిలింది. శవాన్ని చూసినవాళ్లు చెప్పింది నేను చెప్పను. నోటికి తాళం లేనివాణ్ణని పేరున్న నాకే అది నోట్లోంచి రాదు.

దేవ్‌సింగ్ తుప్పు ట్యాంకు బిగించి సొంత బామ్మర్దిని చంపాడని మొదట అన్నది ఎవరో గుర్తులేదు. మూడోవాణ్ణి నేనే అయి ఉంటాను. సాయంత్రానికల్లా ఆ మాట ఎర్రుపాలెం దాకా పోయినట్టు అనిపించింది. మూడో రోజున సక్రి అందరి ముందు మొగుడితో ఒకే ఒక్క మాట అంది.

"నా తమ్ముని తలకాయ ఎనక బాంబు కట్టినవ్."

 తన ట్యాంకు అట్లా పగిలేది కాదని ఆయనకు లోపల తెలుసు. పదో రోజున పోలీసు స్టేషన్ వెనక పడేసిన జీపు దగ్గరికి పోయి, అడిగి, పగిలిన ట్యాంకు రేకు తెచ్చుకున్నాడు. పనస తొక్క విప్పినట్టు విచ్చుకుని ఉంది. వాల్వు ఉండాల్సిన తూటులో బోల్టు ఉంది. తల ఒక పక్క అరిగిన బోల్టు. అది తన డబ్బాలోదేనని గుర్తుపట్టడానికి ఆయనకు ఎంతసేపు పడుతుంది. ఆ రోజు షెడ్డులో ఎవరున్నారో కూడా తెలుసు.

నేను చూశానని ఆయనకు ఎట్లా తెలిసిందో గానీ, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సక్రికి తెల్వద్దు," అన్నాడు. "నన్ను తిట్టుకుంటన్న బతుకుతది." నేను తలూపాను. రేకును గోనెసంచిలో చుట్టి షెడ్డు మూల ఇనుము కింద దాచాడు. పెళ్లాం ముందు హంతకుడిగా ఉండిపోవడానికి ఒప్పుకున్నాడు.

అట్లాగే ఉండిపోయేవాడే. వారం తర్వాత కిషోర్ బ్రేకుల పని మీద వచ్చాడు. మిగతావాళ్లు రావడం మానేశారు గానీ ట్యాంకులు మాత్రం ఎవరూ తీయలేదు, వాన కాలంలో గాలి లేకుండా పోలేరు కాబట్టి. దేవ్‌సింగ్ కిషోర్ సీటు వెనక వంగి చూశాడు. అక్కడ కూడా వాల్వు లేదు, బోల్టు ఉంది.

"ఎవడు పెట్టమన్నడుర దీన్ని?"

"బలరామే చెప్పిండు దేవన్నా. గిట్ల బిగిస్తె సప్పుడు పోతదన్నడు. నేను పెట్టిన, ఇంకిద్దరు పెట్టిన్రు."

దేవ్‌సింగ్ ఇంజిన్ ఆపి, గాలంతా వదిలి, అప్పటికప్పుడు బోల్టు పీకేసి వాల్వు ఎక్కించాడు. మిగతా ఇద్దరికీ ఫోన్ చేశాడు. ఒకడు ఎత్తలేదు. ఇంకొకడు ఎత్తి, నీ తుప్పు ట్యాంకు తప్పును చచ్చినవాడి మీద వేస్తున్నావా అని కడిగేశాడు. ఇద్దరూ మర్నాడు తెల్లారి గూడేలకు పోయేవాళ్లే. ఒకడు గవర్నమెంటు బడి టీచర్లను ఎక్కించుకునేది ఉంది.

దేవ్‌సింగ్ ఆ సాయంత్రం షెడ్డు ముందు దిమ్మె మీద కూర్చున్నాడు. చెబితే సక్రి. చెప్పకపోతే ఆ ఇద్దరు, వాళ్ల సీట్లలో కూర్చున్నవాళ్లు.  తర్వాత లేచి గోనెసంచి భుజాన వేసుకుని సెంటరుకు నడిచాడు. షెడ్డు దగ్గర వద్దు, సక్రి ఉంటుందని.

సెంటరులో జీపుల వరస ముందు రేకు పరిచి, తూటులో బోల్టు చూపించాడు. తన ట్యాంకు పగిలింది ఇందుకేనని, ఇది బలరాం చేతి బిగింపు అని చెప్పాడు. తిట్టినవాడు వంగి, బోల్టును తాకి, తన జీపు దగ్గరికి పోయాడు. రెండోవాడు కూడా పోయాడు. ఆ రాత్రికి మూడు జీపులకూ వాల్వులు ఎక్కాయి. బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మరి సక్రికి ఎట్లా తెలిసిందంటే, బోల్టు అన్న ఒక్క మాట చాలు ఆమెకు. ఆ మాట ఆమె చెవిన వేసింది ఎవరని నన్ను అడగకండి. టీ కొట్టు దగ్గర వంద నోళ్లు ఉంటాయి. పంతొమ్మిది రోజులు ఆగాను, అది నా లెక్కలో పంతొమ్మిదేళ్లు.

ఆమె షెడ్డు మూలకు పోయి గోనె విప్పింది. బోల్టు తలను బొటన వేలితో తడిమింది. దేవ్‌సింగ్ గడప దగ్గర నిలబడ్డాడు.

"నేనిచ్చిందే," అంది.

"నువ్వు బోల్టు ఇచ్చినవ్. నేను ఎల్లుండి రమ్మన్న. ఆ పూటే నేను వాగుకాడికి పోతె అయిపోతుండె."

"పానా గుడ అందించిన."

 ఆమె ఏడిస్తే బాగుండునని మేమంతా అనుకున్నాం. తెల్లారి ఆమె ఒక్కతే ప్రమీల ఇంటికి పోయి, తన నోటితోనే అంతా చెప్పింది. ప్రమీల బియ్యం ఏరుకుంటూనే ఉందట. తర్వాత తలెత్తకుండా, "నువ్వు ఇయ్యకపోతె ఇంకోకాడ తెచ్చుకుంటుండె, వదినె. ఆయన సంగతి నీకు తెల్వదా," అని, మంచినీళ్లు ఇచ్చిందట. సక్రి ఆ నీళ్లు తాగలేదు. ప్రమీల తిట్టి ఉంటే తాగేదేమో.

ఇప్పుడు దేవ్‌సింగ్ పేరు మళ్లీ నిలబడింది. వానలు తగ్గాయి, జీపులు వస్తున్నాయి, ఆయన ట్యాంకులన్నీ బండ్ల కిందికి మారుస్తున్నాడు. సక్రి షెడ్డు ముందు దిమ్మె మీద కూర్చుంటుంది. వచ్చినవాళ్లను తిట్టదు. మొన్న కిషోర్ చక్రం దగ్గర కూర్చుని, అలవాటుగా చెయ్యి వెనక్కి చాపి, "అక్కా, జర పద్నాలుగు పానా," అన్నాడు. పానా ఆమె కాలి దగ్గరే ఉంది. ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని దాని వంక చూస్తూ కూర్చుంది. కిషోర్ చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. దేవ్‌సింగ్ బండి కిందనుంచి వీపు మీద పాకి బయటికి వచ్చాడు, ఆమె కాళ్ల దగ్గర వంగి, పానా తనే తీసి ఇచ్చాడు.