తోడు వచ్చేవారి నంబరు

రాయ్‌పూర్‌లో నేను పనిచేసిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పండరీలో బట్టల కొట్ల పైన ఉండేది. ఒక కళ్ళ ఆసుపత్రికి, ఆపరేషన్ తేదీలు ఇచ్చే వెబ్‌సైట్ చేశాం. అందులో పేషెంట్లు నింపే గడులకు జావాస్క్రిప్ట్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాయడం నా వంతు. ఫోన్ నంబరుకు పది అంకెలుండాలి, మొదటిది ఆరుకు తగ్గకూడదు అని కొన్ని గుర్తుల్లో రాసిపెడితే, తప్పు కొట్టినవాళ్ళను కంప్యూటరే ఆపేస్తుంది. ఆ పని నాకు తెగ నచ్చేది. మనుషులతో ఎలాగూ మాటల్లేవు. మోవాలో ఒక గది, పండరీలో ఒక కుర్చీ. ఆదివారమైతే నా గొంతు నాకే వినపడేది కాదు.

‘తోడు వచ్చేవారి నంబరు’ అన్న గడిలో జనం పది తొమ్మిదులు కొట్టేసి తప్పించుకుంటున్నారని ఆసుపత్రివాళ్ళు గోల పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఒకే అంకె పదిసార్లు వస్తే చెల్లదని రాశాను. పేషెంటు సొంత నంబరూ చెల్లదన్నాను. ఇక చూద్దాం వీళ్ళ తెలివి అనుకున్నాను.

మర్నాడే, వెబ్‌సైట్‌లో సహాయానికని ఇచ్చిన మా ఆఫీసు నంబరుకు ఫోనొచ్చింది. ఎవరో పెద్దావిడ హిందీలో మొదలుపెట్టింది. ఆ హిందీలో తెలుగు యాస పట్టేసి తెలుగులో పలకరించాను.

“మనోళ్ళేనా బాబూ! తొమ్మిదులు కొడితే గలత్ అంటోంది. నా నంబరు కొట్టినా గలతే అంటోంది.”

“మీ ఇంట్లోవాళ్ళది కొట్టండమ్మా.”

“ఇంట్లో ఎవరున్నారని? మా ఆయన రైల్వేలో చేసి పోయారు. పిల్లల్లేరు. గుఢియారీలో అకేలీ, ఒక్కదాన్నే ఉంటున్నా. ఆపరేషన్ లేటైతే కన్ను పోద్దన్నారు డాక్టరుగారు.”

ఆమెను ఆపింది నేను రాసిన ఆ కోడ్ వరుసే. దాన్ని తీసెయ్యాలంటే ఆసుపత్రి ఒప్పుకోవాలి. నా సొంత నంబరు చెప్పాను. ఆమె ఒక్కో అంకే పైకి అనుకుంటూ కొట్టింది. ఈసారి తీసుకుంది, తేదీ కూడా వచ్చింది.

“ఆ రోజు నేనే వస్తానమ్మా,” అన్నాను. చాలాకాలానికి సంతోషంగా అనిపించింది.

“చల్లగా ఉండు నాయనా. మరి నీకేమైనా అయితే ఎవరి నంబరు ఇస్తావు?”

ఆ గడిని పరీక్షించడానికి నేను కొట్టినవన్నీ కల్పించిన నంబర్లే.

“మా ఇంట్లో చాలామంది ఉన్నారమ్మా,” అన్నాను.

“అదృష్టవంతుడివి బాబూ,” అంది ఆవిడ, మనస్ఫూర్తిగా.