చవకవాడి కోసం

అమెరికాలోని టొలీడోలో లోరీన్ నడిపే బారులో, ఆదివారం మధ్యాహ్నం టీవీకి ఎదురు బల్ల వెర్నన్ పాస్కోది. చొక్కా నిండా కోడిరెక్కల కారం మరకలు, చేతిలో ఫోను. ఇచ్చిన ఊహాడబ్బుకు మించకుండా తొమ్మిదిమంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను కొని ఫోనులో జట్టు కట్టడం, అసలు ఆటలో వాళ్లు బాగా ఆడితే పందెం గెలవడం అతగాడి వ్యాపకం. పేరున్నవాళ్ల జోలికి పోడు. "ఏనుగును ఏనుగు ధరకి ఎవడైనా కొంటాడు," అంటాడు, మూతి తుడుచుకోకుండానే. సంతలో వంకాయలు నొక్కి చూసినట్టు మనుషుల మోకాళ్లూ మడమలూ బేరీజు వేస్తాడు. తాను మాత్రం నాలుగు మెట్లెక్కితే రొప్పుతాడు.

ఆ ఆదివారం లోరీన్ అక్క కొడుకు డేరియన్ పెద్ద జట్టులో మొదటిసారి మైదానంలోకి దిగాడు. బారంతా చప్పట్లు. బంతి పట్టుకుని తీసిన రెండో పరుగులోనే మోకాలు మెలితిరిగి కూలిపోయాడు. స్ట్రెచర్ వచ్చింది. బారులో అందరూ తలలు పట్టుకున్నారు. బల్ల కింద వెర్నన్ పిడికిలి మాత్రం సంబరంగా బిగుసుకుంది. డేరియన్ బదులు దిగేవాణ్ణి అతను పొద్దున్నే కారుచవకగా కొన్నాడు.

లోరీన్ లోపలికెళ్లి అక్కతో ఫోన్లో మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. వెర్నన్ గొంతు తగ్గించాడు. "పిల్లాడికి ఎన్నాళ్లు పడుతుందంటున్నారు, లోరీన్?"

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "అడిగినవాడివి నువ్వొక్కడివేనయ్యా. ఈ ఏడాదికి ఇక ఆడలేడట. ఇంకా బయటెవరికీ తెలీదు."

"అయ్యయ్యో!" అన్నాడు వెర్నన్.

ఆమె చెయ్యి భుజం మీద ఉండగానే, ధర పెరగకముందే, ఆ బదులువాణ్ణి వచ్చే ఆదివారానికి కూడా ఫోనులో కొనేశాడు.